మేనమామ పలుపు

గుర్రాల గురించి మా ఆయన కరుప్పుసామికి తెలియని సంగతి లేదని మా వీధిలో పేరు. ఆ పేరును ఇల్లిల్లూ తిరిగి ప్రచారం చేసింది మా ఆయనే. రెండో ప్రపంచ యుద్ధం జరిగే రోజుల్లో పెట్రోలు దొరక్క బస్సులు మూలనపడ్డాయి. సూలూరు నుంచి కోయంబత్తూరు దాకా జట్కాలదే రాజ్యం. అప్పుడు ఆయన మీసం మెలేసి తిరిగాడు. యుద్ధం ముగిసి బస్సులు మళ్లీ వచ్చేసరికి జట్కా ఎక్కేవాళ్లు కరువయ్యారు. తనకే గంజి లేనివాడు గుర్రానికి ఉలవలు ఎక్కడినుంచి తెస్తాడు? ఒక్కొక్కరే జట్కావాళ్లు తమ గుర్రాల కళ్లేలు విప్పి, సూలూరు పక్కనున్న విమానాల మైదానంలో వదిలేసి వచ్చారు.

యుద్ధం కోసం చదును చేసిన నేల అది. విమానాల సందడి తగ్గాక గడ్డి ఏపుగా లేచింది, గుంటల్లో వాననీళ్లు నిలిచాయి. బండికి అలవాటుపడిన గుర్రాలు సొంతంగా ఏం బతుకుతాయి, వానాకాలం దాటవని అనుకున్నాం. అవి బతికాయి. ఎక్కడినుంచో ఒక మగగుర్రం వచ్చి వాటిలో చేరింది. దానికి ఒక చెవి సగం చిరిగి ఉండేది కాబట్టి కోతచెవి అన్నాం. పిల్లలు పుట్టాయి. ఆ పిల్లలకు కళ్లెం ఏమిటో, చర్నాకోల ఏమిటో తెలియదు. మనిషి పది అడుగులు ముందుకు వేస్తే అవి ఇరవై అడుగులు వెనక్కి జరిగేవి.

మా ఆయన వదిలిన ఆడగుర్రం పేరు వెళ్లచ్చి. తెల్లగా ఉంటుందని ఆ పేరు పెట్టాడు. తన చెల్లెలు చిన్నమ్మాళ్‌ను అత్తారింటికి పంపిన కొన్నేళ్లకు దాన్ని కొన్నాడు. ఇంట్లో చెల్లెలు లేని వెలితి దానితో తీర్చుకున్నాడేమో, దాన్ని "చెల్లీ" అనే పిలిచేవాడు. జట్కా స్టాండులో అందరూ నవ్వేవాళ్లు. ఉన్న ఆడబిడ్డ చాలదా, నాలుగు కాళ్లది ఇంకొకటి కావాలా అని నేనూ ఎగతాళి చేసేదాన్ని.

జట్కా పోయాక ఆయనకు దొరికింది కాపలా పని. మైదానం పక్కన పెద్దరైతు జగన్నాథన్ గారి జొన్నచేను ఉంది. గుర్రాలు అందులో పడకుండా చూడాలి. తను వదిలిన గుర్రాన్ని తనే తరమడానికి కూలికి కుదిరిన మొగుడు లోకంలో నాకొక్కదానికే దొరికాడు.

నేను బట్టల మిల్లులో నూలు చుట్టే రీలింగు పనిలో ఉండేదాన్ని. ఆదివారం సెలవు. ఆ రోజు సద్ది కట్టుకుని చేనికి పోయి, ఇంటి మేకకు గడ్డి కోసుకుని వచ్చేదాన్ని. కాపలా గుడిసె ముందు కూర్చుంటే గుర్రాల సంసారమంతా కనిపించేది. గుంపుకు పెద్ద మగగుర్రమని అందరూ అనుకుంటారు. కాదు. నీళ్లకు ఎప్పుడు పోవాలి, ఎండకు ఏ తుమ్మ కింద చేరాలి అన్నది వెళ్లచ్చి చూసుకునేది. అది కదిలితే మిగతావి వరసగా కదిలేవి. కోతచెవి అన్నింటికంటే వెనక, మెడ నేలకు దించి, చెవులు వెనక్కి మడిచి, వెనకబడినదాన్ని అదిలిస్తూ వచ్చేది. మిట్టమధ్యాహ్నం రెండేసి గుర్రాలు ఒకదాని తోక ఇంకొకదాని మొహానికి తగిలేలా నిలబడి ఈగలు తోలుకునేవి. ఒకదాని మెడను ఇంకొకటి పళ్లతో గోకేది. అన్నీ పడుకున్నా ఒకటి మాత్రం నిలబడి కాపలా కాసేది. మా మిల్లు కూలీల లైను ఇళ్లలో ఇంత ఒద్దిక నేను చూడలేదు.

వెళ్లచ్చికి ఒక మగపిల్ల పుట్టింది. నుదుట తెల్లమచ్చ ఉందని చుక్కగాడన్నాం. చెల్లెలి కొడుకు కాబట్టి మేనల్లుడని మా ఆయన లెక్క. ఆయన వాడు వీడు అంటుంటే నాకూ అదే అలవాటైంది. పసివాడుగా ఉన్నప్పుడు చుక్కగాడు కోతచెవి ముందుకు పోయి, మెడ చాచి, నోరు తెరిచి మూసి పళ్లు టకటకలాడించేవాడు. నేను చిన్నవాణ్ణి, నన్నేమీ చేయకు అని గుర్రాలు పెట్టే దండం అది. కోతచెవి చూసీ చూడనట్టు ఊరుకునేది.

మా ఆయనకు రెండు కాళ్ల మేనల్లుడు కూడా ఉన్నాడు. చిన్నమ్మాళ్ కొడుకు సంజీవి. తండ్రి ముని పనిచేసే మిల్లులోనే వీడికీ పని దొరికింది. మీసాలు వచ్చినప్పటినుంచి వాడికీ తండ్రికీ పడదు. గొడవల కారణాలు వింటే నవ్వొస్తుంది. ఒకరోజు సైకిలు ఎవరు తీసుకుపోవాలని, ఒకరోజు వాకిట్లో మంచం ఎవరిదని. ముని చెడ్డవాడు కాదు, సంజీవీ కాదు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు, అంతే.

మావాళ్లలో ఒక ఆచారం ఉంది. అలిగి ఇల్లు విడిచిన కొడుకును తండ్రి పిలవకూడదు. తల్లి పిలిస్తే చెల్లదు. మేనమామ పోయి చేయి పట్టుకుని తీసుకురావాలి. తండ్రినీ కొడుకునూ పక్కపక్కన కూర్చోబెట్టి ఒకే అరటాకులో అన్నం వడ్డించాలి. మేనమామ చేయి పట్టుకున్నాక రానని అనకూడదు. అంటే తల్లి పుట్టింటిని వీధిలో నిలబెట్టి అవమానించినట్టు. మా ఆయన సంజీవిని ఒకసారి అలాగే తెచ్చాడు. తండ్రీ కొడుకులు ఒకే ఆకులో తిన్నారు. ఆ ఆకు ఎండకముందే మళ్లీ మొదలైంది. ఈసారి ఉప్పు మీద. పులుసులో ఉప్పు లేదని ముని అన్నాడు. సరిగ్గానే ఉందని సంజీవి అన్నాడు. నా నాలుక అబద్ధం చెప్తుందా అని ముని కంచం విసిరాడు. అది తగిలి సంజీవి నుదురు చిట్లింది. వాడు మూలనున్న రోకలి ఎత్తాడు. చిన్నమ్మాళ్ మధ్యలో పడకపోతే ఆ పూట ఆ ఇంట్లో శవం లేచేది. వాడు రోకలి కిందపెట్టి, చొక్కా తీసుకుని వెళ్లిపోయి, మిల్లు వెనక లైనులో పెళ్లికాని కుర్రాళ్ల గదిలో చేరాడు.

ఆషాఢంతో వచ్చే ఆడి నెల పుట్టగానే చిన్నమ్మాళ్ మా ఇంటికి వచ్చింది. గడప దాటకముందే ఏడుపు.

"అన్నా, ఆడి పండగకు నా బిడ్డ ఇంట్లో ఉండాల. నువ్వు పోయి చెయ్యి పట్టుకోని తే."

"మళ్లా రోకలి ఎత్తితే అడ్డం పడేది ఎవురు చిన్నమ్మా?" అన్నాను నేను. "అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు బిడ్డలా? వాడు ఉండే చోట ఉండనీ."

"నువ్వు సుమ్మా ఊరుకో వదినా. నీకొక కొడుకు ఉండింటే తెలిసుండు."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. మాకు పిల్లలు లేరు. నేను నోరు మూసుకుని పొయ్యి దగ్గరికి పోయాను. కళ్లు మండుతుంటే పొగ అనుకోవచ్చు కదా.

మా ఆయన చెల్లెలి తల నిమిరాడు. "ఏడవద్దు. నేను ఉండేది ఏంటికి? పండగకు ముందు తెస్తాను" అని మాటిచ్చాడు.

అదే సమయంలో మైదానంలో కోతచెవి చుక్కగాణ్ణి తరమడం మొదలుపెట్టింది. అది ఒక్కరోజులో జరిగింది కాదు. ముందు తల్లి పక్కన మేయనివ్వలేదు. తర్వాత నీళ్ల దగ్గరికి రానివ్వలేదు. ఆ తర్వాత పిర్ర మీద కరిచింది. చుక్కగాడు పసివాడిలాగా మెడ చాచి పళ్లు టకటకలాడించాడు. పొడుగాటి కాళ్లు, వెడల్పయిన రొమ్ము పెట్టుకుని ఆ దండం పెడుతుంటే చూసేవాళ్లకే సిగ్గేసింది. కోతచెవి కరగలేదు. గుంపు ఒకవైపు మేస్తుంటే వాడు ఒంటరిగా ఇంకోవైపు మేసి, చివరికి మా గుడిసె దగ్గరికి వచ్చి నిలబడేవాడు. మా ఆయన రోజూ గుప్పెడు ఉలవలు పెట్టి, మెడ నిమిరి, నెమ్మదిగా పలుపు వేయించుకునేంత మచ్చిక చేశాడు.

"పావం పాప్పా," అన్నాడు ఒకనాడు నాతో. "తల్లినీ బిడ్డనూ విడదీసేసె ఆ పాపాత్ముడు."

"గుర్రాలు అంతే అని నువ్వే చెప్తివి గదా. మగబిడ్డ పెరిగితే తండ్రి తరుముతాడని."

"స్టాండులో ఎట్ల చేస్తుంటిమి? రెండు గుర్రాలు తన్నుకుంటే ఒకే తొట్టిలో ఉలవలు పెడ్తుంటిమి. రెండు దినాల్లో సరి అయిపోతుండె. వీణ్ణి నేను పట్టుకోని పోయి తండ్రి పక్కన నిలబెడ్తాను. మేనమామను నేను ఉండాను గదా."

జట్కా స్టాండులో అలా చేసిన మాట నిజమే. కానీ అవి బండి గుర్రాలు. ఆడవి, లేదా విత్తు కొట్టినవి. వాటి తగవు తొట్టి మీదే కాబట్టి తొట్టితోనే తీరేది. కోతచెవిది సంసారం. ఈ తేడా మా ఆయనకు తట్టలేదు. నిజం చెప్పాలంటే నాకూ తట్టలేదు, నాది ఊరికే భయం. వద్దంటే ఇంకా గట్టిగా చేస్తాడని తెలిసి ఊరుకున్నాను.

పండగకు ముందు ఆదివారం. ఆయన నీళ్లగుంట పక్కన తొట్టిపెట్టి ఉడికించిన ఉలవలు పోశాడు. చుక్కగాడి మెడకు పలుపు వేసి, రెండో కొస తన మణికట్టుకు చుట్టుకున్నాడు. "పద అల్లుడా, భయపడకు" అని వాణ్ణి తొట్టి దగ్గర నిలబెట్టాడు. నేను కొంచెం దూరంలో గడ్డి కోస్తున్నాను.

గుంపు నీళ్లకు వచ్చింది. ముందు వెళ్లచ్చి. అది తొట్టిని వాసన చూసింది, కొడుకు మూతిని వాసన చూసింది. మా ఆయన నావైపు తిరిగి, చూశావా అన్నట్టు మొహమంతా వెలిగించాడు. వెనకనుంచి కోతచెవి వచ్చింది. రాగానే మీద పడలేదు. కొంచెం ఎడంగా నిలబడి, మెడ వంచి, ముందుకాలితో నేల గీరి, గొంతు చించుకుని ఒక కేక పెట్టింది. అంటే పొమ్మని. చుక్కగాడికి ఆ మాట అర్థమైంది. పోవడానికి గిరుక్కున తిరిగాడు కూడా. కానీ పలుపు బిగిసింది.

"ఉండు, ఉండు" అంటూ మా ఆయన వెనక్కి లాగాడు.

కోతచెవికి కావలసింది వాడు పోవడం. పోనివ్వకుండా పట్టుకున్నది మేనమామ. పొమ్మన్నా పోనివాణ్ణి చూసి ఆ గుర్రం ఏమనుకుంటుంది? ఎదిరించి నిలబడ్డాడనుకుంది. మీదికొచ్చి మెడ కరిచింది. వాడు పళ్లు టకటకలాడించాడు. అది గిర్రున తిరిగి రెండు వెనకకాళ్లతో తన్నింది. ఎముకకు గిట్ట తగిలిన చప్పుడు నాకు అక్కడిదాకా వినిపించింది. చుక్కగాడు మోకాళ్ల మీద పడ్డాడు. లేచి లాగి మా ఆయనను నేలమీద ఈడ్చుకుపోయాడు. పలుపు ముడి చేతిలో బిగుసుకుపోయి ఊడిరాదు. "చెల్లీ! చెల్లీ!" అని అరిచాడు మా ఆయన. నన్ను కాదు, చిన్నమ్మాళ్‌ను కాదు, ఆ తెల్లగుర్రాన్ని. వెళ్లచ్చి ఆ ఏడు పుట్టిన తన చిన్నపిల్లను మూతితో పక్కకు నెట్టి, మళ్లీ వంగి నీళ్లు తాగింది.

నేను ఎలా పరిగెత్తానో తెలియదు. చేతిలో కొడవలి ఉంది. రెండో తన్నుకు ముందే పలుపు తెగ్గోశాను. చుక్కగాడు ఒక కాలు ఎత్తిపట్టి మూడు కాళ్లమీద పరుగందుకున్నాడు. కోతచెవి విమానాల సిమెంటు బాట అంచుదాకా తరిమి, అక్కడ ఆగిపోయింది. బాట దాటలేదు. వెనక్కీ రాలేదు. దూరంగా పోతున్న కొడుకువైపు చూస్తూ చాలాసేపు అలాగే నిలబడింది. తర్వాత వచ్చి, మావైపు తిరిగి కూడా చూడకుండా గుంపును తోలుకుని వెళ్లింది.

మా ఆయన దుమ్ములో కూర్చుని ఉన్నాడు. మణికట్టు చుట్టూ చర్మం లేచిపోయింది. "చూస్తివా పాప్పా, కన్నతల్లి తల ఎత్తలేదు" అని చిన్నపిల్లవాడిలాగా ఏడ్చాడు. నాకు జాలి, కోపం రెండూ వచ్చాయి. నోట్లోకి ముందు వచ్చింది కోపమే.

"తల్లినేల అంటావు? ఆ బిడ్డను తన్నులు తినేదానికి పట్టుకోని నిలబడింది నువ్వు. పలుపు లేకుంటే ఒక్క కరుపుతో తప్పించుకోని పోయుండు. చచ్చిపోతే ఎవురిది పాపం?"

ఆయన గాయానికి నా చీరకొంగు చించి కట్టాను. పొద్దు వాలుతుంటే నెత్తుటి చుక్కలు చూసుకుంటూ ఇద్దరం బాట దాటి పోయాం. అవతల తుమ్మపొదల్లో మరికొన్ని గుర్రాలు ఉన్నాయి, అన్నీ పడుచు మగవి. తండ్రులు తరిమేస్తే వచ్చి చేరినవి. ఇన్నాళ్లూ మేం వాటిని లెక్కలోకి తీసుకోలేదు. ఆడవి లేని గుంపు గుంపేమిటని మా ఆయన అభిప్రాయం. అవి చుక్కగాడి చుట్టూ తిరిగి మూతికి మూతి తగిలించి వాసన చూస్తున్నాయి. కాసేపటికి ఒకటి వాడి మెడమీద, గాయం లేని పక్కన, పళ్లతో గోకడం మొదలుపెట్టింది. వాడు కుంటుకుంటూనే తల దించి గడ్డి కొరికాడు.

"సంజీవి గది మాదిరే ఉండాది," అన్నాను. నవ్విద్దామనే అన్నాను. మా ఆయన నవ్వలేదు.

పండగ ముందురోజు కొత్త పంచె కొని, నన్నూ వెంటబెట్టుకుని మిల్లు వెనక లైనుకు పోయాడు. ఏం చేస్తాడో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. గది వాకిట్లో సంజీవి ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. నుదుటి మీద మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది. మేనమామను, చేతిలో పంచెను చూసి లేచాడు. లుంగీకి చేతులు తుడుచుకున్నాడు. రానని అనడానికి లేదు కాబట్టి, తనే కుడిచేయి ముందుకు చాచి తల వంచుకుని నిలబడ్డాడు.

మా ఆయన ఆ చేతివైపు చూశాడు. తన మణికట్టు మీది కట్టువైపు చూసుకున్నాడు. పంచెను వాడి చేతిలో పెట్టాడు.

"పండగకు కట్టుకో. ఏమి వండుతా ఉండారు?"

"మామా... ఇంటికి పోయేది లేదా?"

"పోవాల అనిపించిన దినం నువ్వే పో. నేను పట్టుకోని పోయేది లేదు. ఆకలిగా ఉండాది, అన్నం పెడ్తావా?"

సంజీవి అక్కడే గోడకు జారబడి కూర్చున్నాడు. గదిలోని మిగతా కుర్రాళ్లు హడావిడిగా చాప పరిచారు. మా ఆయన వాళ్లందరితో కలిసి ఉడికీ ఉడకని అన్నం మెచ్చుకుంటూ తిన్నాడు.

ఆ మాట చిన్నమ్మాళ్‌కు చెప్పడం వేరే సంగతి. ఆయన వాళ్లింటి వాకిట్లో నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాడు. ముని లోపల మంచం మీద కూర్చుని అంతా విన్నాడు, బయటికి రాలేదు.

"తోడబుట్టినోడివేనా నువ్వు?" అంది చిన్నమ్మాళ్. "ఒక గుర్రం తన్నిందని నా బిడ్డను వదిలేస్తివా? ఇంక నాకు పుట్టిల్లు లేదు, పో."

"నీ బిడ్డ బతికి ఉండాల చిన్నమ్మా. ఎక్కడ ఉండినా సరే."

ఆమె తలుపు వేసుకుంది. ఆ రాత్రి మా ఆయన అన్నం ముట్టలేదు. ఆయన చేసింది సరైనదని నేను చెప్పాను. సరైనదైతే ఇంత నొప్పి ఏల అని ఆయన అడిగాడు.

పండగనాడు మధ్యాహ్నం మా వాకిట్లో చిన్నమ్మాళ్. చంకలో ఒబ్బట్ల గిన్నె, కళ్లు ఉబ్బి ఉన్నాయి. అన్నవైపు చూడలేదు.

"వదినా, ఆ గది ఎక్కడ ఉండాదో చూపించు" అంది.

నేను చీర సర్దుకుని బయలుదేరాను. వీధి మలుపు దగ్గర వెనక్కి తిరిగితే ముని వస్తున్నాడు, సైకిలు ఎక్కకుండా నడిపించుకుంటూ, మాకు చాలా వెనకగా. నేను చూశానని తెలిసి చక్రం చూసుకుంటున్నట్టు వంగాడు. లైను మొదట్లో కుళాయి ఉంది. అక్కడిదాకా వచ్చి ఆగాడు. ముందుకు రాలేదు, వెనక్కీ పోలేదు. నాకు సిమెంటు బాట అంచున నిలబడ్డ కోతచెవి గుర్తొచ్చింది.

గదిలో తల్లీకొడుకులు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఒబ్బట్లు కుర్రాళ్లందరికీ పంచిపెట్టింది చిన్నమ్మాళ్. నేను గుమ్మంలో నిలబడి సంజీవినే చూస్తున్నాను. వాడి కన్ను తలుపు సందులోంచి కుళాయిమీద పడింది. కాసేపు చూశాడు. లోపలికి పోయి, గిన్నెలో అన్నం పెట్టి, తాము వండుకున్న పులుసు పోసి తెచ్చి నా చేతికిచ్చాడు.

"అత్తా," అన్నాడు. ఎవరికని చెప్పలేదు. నేను అడగలేదు.

ముని సైకిలును నడుముకు ఆనించుకుని, నిలబడే, గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నాడు. కుళాయి కింద చేయి కడిగి గిన్నె నాకిచ్చాడు. లైనువైపు చూడకుండా అన్నాడు.

"ఉప్పు సరిగ్గా ఉండాదని చెప్పు చెల్లీ."

గిన్నె అంచుకు కొంచెం పులుసు అంటుకుని ఉంది. వేలితో తీసి నాలుక మీద వేసుకున్నాను. ఉప్పు కషాయం. తినడానికి లేదు. నేను తిరిగి పోయి, ఉప్పు సరిగ్గా ఉందని మీ నాయన చెప్పమన్నాడని సంజీవికి చెప్పాను.